డీజిల్ మోటారుసైకిల్, మెకానిక్ విద్య

నల్లచెరువు వంటి రాయలసీమ మెట్ట ప్రాంతాలలో బావుల దగ్గర నీరు తోడిన డీజిల్ ఇంజిన్ల మీద పదునెక్కిన మెకానిక్ విద్య ఎంత గొప్పదో, అదే కోవకు చెందిన ఇంజిన్‌ను రెండు చక్రాల మీదికి ఎక్కించిన ఎన్‌ఫీల్డ్ డీజిల్ బండిని పరిశీలిస్తే బోధపడుతుంది. టారస్ పేరుతో ప్రసిద్ధమైన ఈ బండిలో బుల్లెట్ చట్రానికి 325 సీసీల ఇంజిన్‌ను అమర్చారు. దాని శక్తి సుమారు 6.5 హార్స్‌పవర్ మాత్రమే అయినా, లీటరుకు దాదాపు 70 కిలోమీటర్లు నడిచే గుణం బరువులతో తిరిగే చిరువ్యాపారికి నిజమైన ఆదరువుగా ఉండేది.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు; పిస్టన్ గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే, ఇంజెక్టర్, అంటే సన్నని రంధ్రాలున్న చిమ్ముడు సాధనం, తుంపరగా వదిలిన ఇంధనం అంటుకుంటుంది. అందుచేత ఇంధనపు గొట్టంలో గాలి బుడగ చేరితే తుంపర సరిగా పడక బండి మొరాయిస్తుంది. అప్పుడు మెకానిక్ గొట్టపు నట్టును కొద్దిగా వదులుచేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఓపికగా పంపు కొట్టి మళ్లీ బిగిస్తాడు. పొగ నల్లగా ఉంటే ఇంధనం పూర్తిగా కాలడం లేదని, నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ మండుతోందని గుర్తించే అతని చూపు ఏళ్ల సాధన ఫలితం.

అయితే గాలిని అంత గట్టిగా అదిమే ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంజిన్ భాగాలను దిట్టంగా పోయవలసి రావడంతో బండి బరువెక్కింది, వేగం తగ్గింది, అదురుకు బోల్టులు సడలేవి. పొగపై నిబంధనలు కఠినతరమైన 2000 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయింది.