కత్తి గురించి నా పాత మాట

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక సూది. సోలాపూర్ తూర్పు భాగంలో మా గల్లీ చివర చద్దర్లు నేసే మామకు షుగరుంది. భుజం పట్టేసిందని ఎక్కడో స్టెరాయిడ్ సూది వేయించుకున్నాడు. నాలుగో రోజుకు చలిజ్వరం. భుజం వాచి కాలిపోతోంది, చెయ్యి ముట్టుకోనివ్వడు. అలాంటి సూది వల్ల కీలులో చీము పట్టడం అరుదే. కానీ పట్టింది.

ఆపరేషన్ అనగానే సంతకం పెట్టొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఆస్పత్రిలో మామ అదే నాకు అప్పగించాడు: "నువ్వే రాస్తివి గద బిడ్డా, ఆగుమని!"

ఆ మాటకు నాకు నాన్న చెప్పే ఒక కథ గుర్తొచ్చింది. మా ఊళ్లో 1910లో పుట్టిన ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో ఐదుగురు డాక్టర్ల బృందంతో చైనా వెళ్లాడు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ఆపరేషన్లు చేస్తూ 1942లో అక్కడే చనిపోయాడు. నాన్న మగ్గం మీద కూర్చుని ఆయన కథ చెప్పేవాడు. ఆ రోజుల్లో ఆ సైనికులకు పెనిసిలిన్ లేదు, గాయం చీము పడితే తెరిచి కడగడమే వైద్యం. అక్కడికి రాగానే నాన్న కథ వదిలి నూలు మీదికి మళ్లేవాడు. పచ్చి నూలులో మైనం ఉంటుంది, దాన్ని ఉడకబెట్టి కడగకుండా ఎంత మంచి రంగులో ముంచినా లోపలికి పట్టదు అనేవాడు.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పిందీ అదే. చీము నిండిన కీలులో మందు సరిగ్గా పనిచేయదు. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థిని చీము రోజుల్లోనే తినేస్తుంది, అది మళ్లీ పెరగదు. ముందు సూదితో కీలులోని నీరు తీసి ల్యాబుకు పంపారు, ఆ తర్వాతే యాంటీబయోటిక్ మొదలుపెట్టారు. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కీలు కడిగారు, పాడైన పొర గీకేశారు. ఒక్కోసారి రెండోసారీ కడగాల్సి వస్తుందట. మందులు వారాల తరబడి వాడాలి.

భుజానికి క్షయ సోకితే దారి వేరు. అది నెలల తరబడి మెల్లగా నడుస్తుంది, ఫ్రోజెన్ షోల్డర్‌లా కనిపించి మోసం చేస్తుంది, చాలామందికి మందులతోనే తగ్గుతుంది. అక్కడ నా పాత మాట చెల్లుతుంది.

మామ విషయంలో చెల్లలేదు. నిన్న ఆయన గ్లాసు నోటిదాకా ఎత్తాడు. మగ్గం దగ్గరికి ఎప్పుడు వెళ్తాడో ఇంకా చెప్పలేం.

భుజం వేడెక్కి, జ్వరం వచ్చి, చెయ్యి కదపలేకపోతే కాపడం పెట్టకండి. ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. చీము ఉందని తేలితే, నేను రాసిందంతా పక్కన పెట్టి సంతకం చేయండి.