చెడినా చావని పచ్చకణం

ఒక జన్యువు ఏ పని చేస్తోందో తెలియాలంటే దాన్ని చెడగొట్టి చూడటం జన్యుశాస్త్రంలో పాత పద్ధతి. కిరణజన్య సంయోగక్రియ దగ్గరికొచ్చేసరికి ఆ పద్ధతి చతికిలబడుతుంది. ఎండతో వండుకునే జన్యువు చెడిన మొక్కజొన్న మొలక, గింజలోని పిండి ఉన్నన్నాళ్లే నిలబడుతుంది. ఆ తర్వాత వాలిపోతుంది. చచ్చిన మొక్కను దేనితో సంకరం చేస్తాం?

రూత్ సేజర్ (1918–1997) చదువు ఆ మొక్కజొన్న మీదే సాగింది. షికాగోలో పుట్టిన ఆమె, కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్కస్ రోడ్స్ దగ్గర 1948లో డాక్టరేట్ పొందారు. ఆ తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలాన్ని చేపట్టారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఈ పేరు చెప్పగానే పెన్సిల్ బొమ్మ గుర్తొస్తుంది: రెండు కశాభాలు, గిన్నెలాంటి ఒకే ఒక్క హరితరేణువు. మార్కుల కోసం గీసి మరిచిపోయిన ఆ కణం పొడవు మిల్లీమీటరులో నూరో వంతు.

దాని గొప్పతనం తిండి దగ్గర బయటపడింది. ఎసిటేట్, అంటే వెనిగర్‌లోని ఆమ్లపు లవణం, అందిస్తే ఈ కణం చీకట్లోనూ పెరుగుతుంది. సేజర్, శామ్ గ్రానిక్ కలిసి 1953లో ఈ పోషణ సంగతులు ప్రచురించారు. సొంతంగా వండుకోలేని కణాన్ని ఇలా పెట్టిపోషించి బతికించుకోవచ్చు. పరీక్ష కూడా తేలికే. ఒకే కణం సంతతిని ఎసిటేట్ ఉన్న పళ్లెంలో కొంత, లేని పళ్లెంలో కొంత వేసి వెలుగులో ఉంచాలి. మొదటిదాంట్లో పెరిగి రెండోదాంట్లో పెరగకపోతే, కిరణజన్య సంయోగక్రియలో ఎక్కడో చెడిందని అనుమానించవచ్చు.

ఇక సంకరం. నత్రజని అందకుండా చేస్తే కణాలు సంయోగానికి సిద్ధమవుతాయి. ప్లస్, మైనస్ రకాలు కలిసి గట్టి గోడ ఉన్న సంయుక్తబీజం అవుతాయి. పళ్లానికి అరనిమిషం క్లోరోఫామ్ ఆవిరి పట్టిస్తే జత కలవని కణాలు చస్తాయి, సంయుక్తబీజాలు తట్టుకుంటాయి. అవి మొలకెత్తి నాలుగేసి పిల్లకణాలు వచ్చాక సూక్ష్మదర్శిని కింద సన్నని గాజుసూదితో వాటిని విడదీయాలి. చెయ్యి వణికితే పోయినట్టే!

కేంద్రకంలోని జన్యువైతే నలుగురిలో ఇద్దరికి ప్లస్ వైపు గుణం, ఇద్దరికి మైనస్ వైపు గుణం రావాలి. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని కణాలలో కొన్నింటిని సంకరం చేసినప్పుడు సేజర్‌కు ఆ లెక్క కుదరలేదు. ప్లస్ వైపు గుణమే నలుగురికీ వచ్చింది. అంటే ఆ జన్యువు కేంద్రకం బయట ఎక్కడో ఉండాలి. 1954లో ఆమె దీన్ని ప్రకటించేనాటికి జన్యువులంటే కేంద్రకంలోవే అన్నది స్థిరపడిన మాట. 1963లో ఇషిదాతో కలిసి హరితరేణువు నుంచే డీఎన్ఏను వేరుచేసి చూపారు. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ పచ్చకణాన్ని ఎందుకు దెబ్బతీస్తుంది? హరితరేణువులోని రైబోజోములు బాక్టీరియా రైబోజోములను పోలినవి కాబట్టి.

ఇంత చేసిన మనిషికి ప్రొఫెసర్ పదవి దక్కింది 1966లో, హంటర్ కళాశాలలో. డాక్టరేట్ వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆమె సిద్ధాంతం మీద అపనమ్మకం ఎంత, ఆడమనిషన్న చిన్నచూపు ఎంత అని తూచడం కష్టం. రెండూ ఉన్నాయనే నా అభిప్రాయం. 1975లో హార్వర్డ్‌కు వెళ్లి క్యాన్సర్ జన్యువుల వైపు మళ్లారు.

పచ్చకణం పని మాత్రం ఆమె ఒక్కరితోనే ఆగలేదు. అంతకుముందే హార్వర్డ్‌లో పాల్ లెవిన్ బృందం, చెడిన కణాలను ఒక్కొక్కటిగా పట్టి, వెలుగు శక్తి చేతులు మారే గొలుసులో ఏ కొక్కెం ఎక్కడుందో గుర్తించింది. 1967లో బెనూన్, లెవిన్ ఇంకో ఉపాయం చూపారు. పత్రహరితం పీల్చిన వెలుగుకు ముందు దారి మూసుకుపోతే అందులో కొంత ఎర్రని కాంతిగా తిరిగొస్తుంది. కాబట్టి చెడిన కణాల గుంపు పళ్లెంలో మిగతావాటికన్నా ఎక్కువ మెరుస్తుంది.

1988లో బోయింటన్, గిల్హామ్, శాన్‌ఫర్డ్ తదితరులు టంగ్‌స్టన్ రేణువులకు మంచి జన్యువును పూసి, హరితరేణువులో ఏటీపీ తయారీ జన్యువు చెడిన కణాల మీదికి తుపాకీలాంటి యంత్రంతో పేల్చారు. ఫలితం చూసింది పాత పరీక్షతోనే. ఎసిటేట్ లేని పళ్లెంలో, వెలుగులో, అక్కడక్కడా పచ్చని చుక్కలు లేచాయి.