జొన్నకూడూ, కనకాభిషేకమూ

శ్రీనాథుని గురించి మన సాహిత్య చరిత్రలలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆయన భోగిగా బతికాడు, చేతికి వచ్చినదంతా ఖర్చు పెట్టాడు, చివరకు దరిద్రుడై కన్నుమూశాడు - ఇదీ దాని సారాంశం. తరగతి గదిలో ఈ మాట చెప్పిన పంతులుగారు దానికొక నీతిని కూడా జోడిస్తారు: తాహతుకు మించి బతికినవాడి గతి ఇంతే సుమా అని. అప్పుచేసి పప్పుకూడు తినేవాడికి ఆ నీతి చెప్పవలసిందే. కాని శ్రీనాథుని పేర ప్రచారంలో వున్న పద్యాలను దగ్గర పెట్టుకుని చదివితే ఆ నీతి వాటిలో నుంచి వస్తున్నదా, లేక మనం బయటినుంచి తెచ్చి వాటికి తగిలిస్తున్నామా అనే ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ తాహతు ఎవరిది? ఆ డాబు ఎవరి కోసం? పోయిన డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఈ మూడు ప్రశ్నలు వేయకుండా దుబారాను గురించి చేసే ఏ విమర్శ అయినా సగం విమర్శే అవుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. నేను ప్రధానంగా చాటుపద్యాలను తీసుకుంటున్నాను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'చాటుపద్య మణిమంజరి'లో కూర్చినవీ, 'శృంగార శ్రీనాథము'లో చర్చించినవీ విజ్ఞులకు తెలుసు. వీటిలో ప్రతి ఒక్కటీ శ్రీనాథుని నోటి మాటేనని ఎవరూ పూచీపడలేరు. అయినా జనం వీటిని ఆయన పేరుతోనే తరతరాలుగా దాచుకున్నారు. ఒక ఆస్థాన కవి జీవితాన్ని తెలుగు ప్రజలు ఎట్లా గుర్తుపెట్టుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఈ చాటువులలో పల్నాటిని గురించినవి ఒక గుంపు. వాటిలో కవి పల్నాటిని వెక్కిరిస్తాడు. రాతినేల, ఊరూరా వెలసిన చిన్న దేవతలు, నాగులేటి నీరు, నాపరాయి, సజ్జన్నం, జొన్నన్నం, పాములు, తేళ్ళు - ఇంతే ఆ సీమ అంటాడు. రసికుడైనవాడు అటు పోడని తేల్చేస్తాడు. పూతన విషాన్ని తాగిన శ్రీకృష్ణుణ్ణి పిలిచి, చేతనైతే బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపమని సవాలు చేస్తాడు. తాగడానికి నీళ్ళు దొరకక శివుణ్ణి నిలదీశాడని చెప్పుకునే పద్యం మరొకటి వుంది. వేలమంది భార్యలను పోషించడం కలిగినవాడికి చెల్లుతుందిగాని, బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్ళాలెందుకయ్యా, పార్వతి చాలు, గంగను ఇటు వదిలిపెట్టమంటాడు. తాహతును గురించిన ఉపదేశం తెలుగులో ఇంత చురుకుగా మరెక్కడా లేదేమో! చిత్రమేమిటంటే ఆ ఉపదేశం చేసినవాడు బంగారు పళ్ళెంలో భోజనం అలవాటైనవాడు. వినవలసి వచ్చినవాడు దిసమొలతో తిరిగే శివుడు. రాజుల అంతఃపురాలకు ఈ లెక్క చెప్పిన చాటువు ఒక్కటీ నా కంటపడలేదు.

ఈ గుంపులోనే, రంభ అయినా అక్కడ ఏకులు వడకవలసిందే, రాజయినా నాగలి పట్టవలసిందే, మన్మథుడైనా జొన్నకూడే కుడవవలసిందే అనే భావం గల పద్యం ఒకటుంది. మన వ్యాఖ్యాతలు దీన్ని హాస్యం కింద వదిలేస్తారు. నేను దాన్ని మరోవిధంగా చదువుతాను. అందగత్తె నూలు వడుకుతుంది, ఏలేవాడు దున్నుతాడు, అందరి కంచంలోనూ ఒకే తిండి. కవి దృష్టిలో ఇది ఆ నేలకు గొప్ప అవమానం. కాని ఒంటిచేత్తో పని చేయనివాడికి చోటులేని సీమ అని ఇంతకంటే గొప్పగా ఎవరూ పొగడలేరు. కవి ఎగతాళి చేయబోయి నిజం చెప్పాడు. ఆ నిజం ఆయన కంటికి హీనంగా కనబడిందంటే, ఆ కంటిని తయారుచేసిన కొలువును చూడాలి.

ఆ కొలువు దూరాన లేదు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కొండవీడు కోటా, మాచర్ల, గురజాలలూ ఒకే జిల్లాలో చేరాయి. ఆనాడు మాత్రం ఆ కొండకూ ఈ నాపరాతి నేలకూ మధ్య ఒక ప్రపంచమంత దూరం వుంది. కుమారగిరిరెడ్డి కొండవీటిలో చేయించిన వసంతోత్సవాలు ఆయనకు కర్పూర వసంతరాయలనే బిరుదు తెచ్చాయి. కర్పూరం వెదజల్లి పండుగ చేసుకోవడం దానిలో విశేషం. ఆ సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చింది ఇతనికే. ఆ కావ్యం అవతారికలో వర్తకుడు తెప్పించే సరుకుల జాబితా వుంది: సింహళం ఏనుగులు, హొర్ముజ్ గుర్రాలు, చైనా పట్టు, ముత్యాలు, కస్తూరి. సాహిత్య విద్యార్థులు దీన్ని ఆనాటి ఓడ వ్యాపారానికి సాక్ష్యంగా చూపుతారు. అది నిజమే. కాని అది దిగుమతుల పట్టిక మాత్రమే. ఈ సరుకుకు బదులుగా కొండవీటి రైతు ఇంట్లోంచి ఏమి వెళ్ళిందో చెప్పే పట్టికను ఏ అవతారికా రాయలేదు. దాన్ని జనం కథలుగా చెప్పుకున్నారు. ఆ వంశంలో కడపటి రాజు రాచవేమారెడ్డి బిడ్డ పుడితే కూడా పురిటి సుంకం వేశాడనీ, ఆ కక్షమీదనే సవరం ఎల్లయ్య అతన్ని పొడిచి చంపాడనీ చెప్పుకుంటారు. ఒక తరంలో కర్పూర వసంతం, మరొక తరంలో పురిటి సుంకం! ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం విమర్శకుని బాధ్యత.

ఇటువంటి వ్యవస్థలో కవి స్థానమేమిటి? పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. గొప్ప పదవి. ఆయన పాండిత్యానికీ, సీసపద్యానికి ఆయన పెట్టిన నడకకూ ఎవరైనా తలవంచవలసిందే. కాని భూస్వామ్య కొలువులో కవి అలంకారాలలో ఒకడు. రాజుకు గుర్రం, గొడుగు, పల్లకీ ఎట్లాగో, పట్టుబట్ట కట్టి కస్తూరి పూసుకున్న పండితుడూ అట్లాగే. అతడు చిరుగుల బట్టతో సభకు వస్తే చిన్నబోయేది రాజు. కనుక కవికి డాబు అనేది సొంత సరదా మాత్రమే కాదు, ఉద్యోగ ధర్మం కూడా. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి శ్రీనాథుడు కనకాభిషేకం చేయించుకున్నాడు. ఆలోచించి చూడండి: పండితునికి ధనం ఇవ్వదలిస్తే మూటగట్టి ఇంటికి పంపవచ్చు. తలమీద పోయడం ఎందుకు? పోసేవాడు నలుగురికీ కనపడడానికి. ఆ బంగారం కవి నెత్తిమీద పడింది, కీర్తి రాజు ఖాతాలో పడింది.

అయినంత మాత్రాన శ్రీనాథుణ్ణి పూర్తిగా నిర్దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. రాజులు చనిపోయాక ఆయన చెప్పాడని ప్రసిద్ధమైన సీసం ఒకటుంది. రత్నాల బట్టలు ఇచ్చే వీరారెడ్డి పోయాడు, కస్తూరి ఇచ్చే తెలుంగురాయడు పోయాడు, బంగారు పాత్రలో అన్నం పెట్టే విస్సన్నమంత్రి పోయాడు, దినవెచ్చం గడిపే మైలారుప్రభువు పోయాడు, ఇక నాకెవరు దిక్కు అని ఆ పద్యం భావం. దీన్ని శోకగీతంగా చదవవచ్చు. నేను ఖర్చుల చిట్టాగా కూడా చదువుతాను. ఒక్కొక్క ప్రభువు ఒక్కొక్క పద్దు. బట్టల పద్దు, కస్తూరి పద్దు, భోజనం పద్దు. ఆ చిట్టాలో కవికి సొంత పొలం లేదు, సొంత ఆదాయం లేదు. ప్రతి పైసా మరొకరి చేతిలోంచి రావాలి. దినవెచ్చం అనే ఒక్క మాట తప్ప మిగిలినవన్నీ లేకపోయినా మనిషి బతకగలడు. అయినా చచ్చిపోయిన దాతలతో పాటు ఆ అవసరాలు చావలేదు. డాబులోని అసలు ప్రమాదం ఇక్కడ వుంది. ఖర్చు ఇతరుల సొమ్ముతో మొదలవుతుంది, అలవాటు మాత్రం మన సొంతమైపోతుంది.

ఇక బొడ్డుపల్లె పద్యానికి వద్దాం. రెడ్డిరాజ్యాలు పోయి, 1454లో కొండవీడు ఒడ్డె గజపతుల వశమయింది. ముసలితనంలో కవి కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడనీ, శిస్తు కట్టలేక శిక్ష అనుభవించాడనీ ఆ పద్యం చెబుతుంది. దాని నిర్మాణం గమనించదగింది. మొదటి నాలుగు పాదాలలోనూ ఒక వైపు బిరుదు, మరొక వైపు శిక్ష. కవిరాజు మెడకు ఎండలో తగిలించిన దండ, నైషధకర్త కాళ్ళకు సంకెళ్ళు, వీరభద్రారెడ్డి ఆస్థాన విద్వాంసుని ముంజేతికి వెదురు గొడియ, సార్వభౌముని భుజం మీద నగరు వాకిట వుండే నల్లరాయి. అంతవరకూ ఆస్థాన కవి మాటే. తరువాత ఎత్తుగీతిలో భాష ఒక్కసారిగా నేలకు దిగుతుంది. పంటను కృష్ణ కొట్టుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి, 700 టంకాలు ఎట్లా కట్టేది? ఇది కవిసార్వభౌముని ప్రశ్న కాదు. పంట పోయిన కౌలురైతు ప్రశ్న.

ఈ పద్యంలో దుబారా ఎక్కడుంది? కస్తూరి లేదు, బంగారు పళ్ళెం లేదు. వరద వుంది, పిట్టలున్నాయి, శిస్తు వుంది. భోగాలవల్ల ఆయనకు వెనకేసుకున్నది లేకపోయింది, నిజం. కాని నెత్తిన రాయి పెట్టించింది భోగం కాదు, పంట పోయినా తగ్గని బాకీ. ఆ నల్లరాయి శ్రీనాథుని కోసం కొత్తగా చెక్కించింది కాదు. నగరు వాకిట ఎప్పుడూ వుండేదే. అంటే అంతకు ముందు ఎందరో పేరులేని రైతుల భుజాల మీద అది ఎక్కింది. ఆ రైతులకు సీసం రాదు కనుక మనకు వారి మాట అందలేదు. జొన్నకూడు తినేవారిని చూసి నవ్విన కవి, చివరికి వారి వరుసలో నిలబడి, వారి తరఫున సాక్ష్యం చెప్పాడు. తాను ఎవరి తరఫున చెబుతున్నాడో ఆయనకు తెలియకపోవచ్చు. మనకు తెలియాలి.

ఈ ఆర్థిక విషయాన్ని మన వాళ్ళు శీలం విషయంగా ఎట్లా మార్చారో చూడడానికి పోతన కథ చాలు. శ్రీనాథుడు పల్లకీలో వస్తాడు, పోతన కొడుకు పొలం దున్నుతుంటాడు. బోయీలు లేకుండా పల్లకీ నడుస్తుంది, ఎద్దులు లేకుండా నాగలి నడుస్తుంది. చరిత్రకు నిలవని ఈ కథలో డాబుపై సాదాతనం గెలుస్తుంది. వినడానికి ఇంపుగా వుంటుంది. కాని నిజమైన పల్లకీ బోయీల భుజాల మీద, నిజమైన నాగలి ఎద్దుల మెడమీద నడుస్తుంది. కథలో మాయమైంది సరిగ్గా వారే. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అన్న సామెత జనంలో పుట్టింది కనుక మోత బరువు దానికి తెలుసు.

ఇదంతా పాత ముచ్చటగా వదిలేయడానికి వీలులేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. గంగ కోసం శివుణ్ణి బతిమాలవలసిన అగత్యం కాలువ కింది ఊళ్ళకు కొంత తీరింది. వరి వచ్చింది, పత్తి, మిరప వచ్చాయి. వాటితో పాటు పెట్టుబడీ, అప్పూ వచ్చాయి. పల్నాటిలో పంట పోయిన రైతును గురించి చదువుకున్నవారు మాట్లాడేటప్పుడు నేను తరచుగా వినే మాట ఒకటుంది: గొప్పకు పోయి పెళ్ళిళ్ళు చేశారు, కట్నాలు పోశారు, అందుకే మునిగారు అని. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చినా కట్నాలు ఆగలేదు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళవారు చందాలు వేసుకుని ప్రభలు కట్టడంలో సంబరం వుంది, పక్క ఊరి ప్రభకంటే మనది ఎత్తుగా వుండాలన్న పంతమూ వుంది. కోడిపందెంలో ఓడి రాజ్యం వదిలిపోయిన వీరుల కథను పౌరుషంగా పాడుకునే నేల మనది. ఆ పందెంలో ఒడ్డింది పాలకుల సొంత సొమ్ము కాదు, మాచర్ల ప్రజల బతుకు. ఈ పంతాలను ఎత్తి చూపవలసిందే, ఎగతాళి చేయవలసిందే.

కాని అక్కడితో ఆగితే మనం బొడ్డుపల్లె పద్యాన్ని పంతులుగారిలా చదివినవాళ్ళమే అవుతాం. కౌలుకు చేసేవాడి పేర భూమి కాగితం వుండదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని సంతకాన్ని షరతుగా పెట్టింది. బ్యాంకు గుమ్మం ఎక్కలేనివాడు వడ్డీవ్యాపారి దగ్గరకో, పురుగుమందుల కొట్టుకో పోవాలి. అక్కడ తాకట్టు పెట్టడానికి అతనికి పరువు తప్ప మరేమీ లేదు. పెళ్ళి చిన్నగా చేస్తే చితికిపోయాడంటారు, చితికిపోయినవాడికి అప్పు పుట్టదు. ఆ విధంగా డాబు అతనికి ఒక రకమైన పెట్టుబడి అయి కూర్చుంది. ఉన్నవాడు ఉన్నదాన్ని చూపించడానికి ఖర్చు పెడతాడు. లేనివాడు లేనితనాన్ని కప్పుకోవడానికి ఖర్చు పెడతాడు. రెంటికీ దుబారా అనే ఒకే పేరు పెట్టడం అన్యాయం.

అభ్యుదయ రచయిత ఈ వస్తువును తీసుకుంటే పొదుపును గురించి ఉపన్యాసంతో సరిపెట్టకూడదు, డాబుకు వకాల్తా పుచ్చుకోనూ కూడదు. పూర్తి లెక్క రాయాలి. ఎవరు ఇచ్చారు, ఎవరు అనుభవించారు, ఎవరు కట్టారు - మూడు పద్దులూ ఆ లెక్కలో వుండాలి. తాహతు చూసుకోమని శివుడికి చెప్పిన మాట నిజానికి కొండవీటి కొలువుకు చెప్పవలసింది. శ్రీనాథుడు చెప్పలేకపోయాడు, ఆయన అన్నం అక్కడుంది. మన అన్నం అక్కడ లేదు గనుక ఆ మాట మనం అనవచ్చు. అనడానికి తగిన తెలుగు కూడా ఆయనే ఇచ్చిపోయాడు - వసంతోత్సవాలు వర్ణించిన తెలుగు కాదు, నువ్వులూ పెసలూ లెక్కపెట్టిన తెలుగు.