వాన చప్పుడు కోసం అరటి చెట్టు

అరటి ఎందుకు వేస్తారని మా కోనసీమలో ఎవర్నడిగినా మనకేసి వింతగా చూస్తారు. గెల కోసం. గెల కాకపోతే ఆకు కోసం, పువ్వు కోసం, దూట కోసం. పెళ్లి పందిట్లో గుంజలకి కట్టడం కోసం. వాన పడినప్పుడు ఆకు మీద చప్పుడు వినడం కోసం వేసినవాళ్లు కూడా ఉన్నారంటే నవ్వుతారు. కిందటేడు జూన్‌లో సుజౌ వెళ్లకపోతే నేనూ నవ్వేదాన్నే.

సుజౌ చైనాలో షాంఘైకి పడమర దిక్కున ఉంది. బుల్లెట్ రైల్లో అరగంట. మా తమ్ముడి కొడుక్కి షాంఘైలో ఉద్యోగం. "ఇంతదూరం వచ్చి సుజౌ తోటలు చూడకుండా వెళ్తావా అత్తా?" అని వాడే టికెట్లు తీశాడు. ఆ ఊరి పాత తోటల్లో నాలుగింటిని 1997లో, మరో అయిదింటిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వాటిలో పెద్దది జువోజెంగ్ యువాన్, ఇప్పుడు దాదాపు పదమూడు ఎకరాలు. పేరుకి అర్థం చెప్పుకోవాలంటే ‘చేతకాని అధికారి తోట’. వాంగ్ షియాన్‌చెన్ అని మింగ్ చక్రవర్తుల కాలం నాటి ఉద్యోగి, కొలువులో ఇమడలేక ఇంటికొచ్చేసి 1509 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాడు. తోటకి నీళ్లు పోసుకుని కూరగాయలు అమ్ముకోవడం కూడా చేతకానివాడి పరిపాలనే అన్న పాత మాట ఒకటుంటే, అందులోంచి పేరు తీసుకున్నాడు. పదమూడు ఎకరాల వినయం! ఆయన పోయాక కొడుకు దాన్ని జూదంలో పోగొట్టాడని చెబుతారు. చేతకానితనం ఎవరిదో మరి.

ఆ తోటలో ఒక పక్కగా ‘వాన వినే సావిడి’ ఉంది. ముందు చిన్న తామర కొలను, దగ్గర్లో వెదురు, గోడవారన అరటి. జూన్ అక్కడ ముసురు రోజులు. మేం లోపలికి వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. జనం గొడుగుల కోసం, ఫొటోల కోసం తోసుకుంటుంటే నేను ఓ మూల కూలబడ్డాను. మోకాళ్ల నొప్పి పుణ్యమా అని కూర్చున్నానే గాని రసికతతో కాదు. పది నిమిషాలయ్యేసరికి చప్పుళ్లు విడివిడిగా తెలియడం మొదలైంది. తామరాకు మీద పడుతున్నది చాటలో బియ్యం పోసినట్టుంది. వెదురు దగ్గర జల్లెడ ఆడిస్తున్నట్టుంది. అరటాకుది మాత్రం నాకు పుట్టినప్పట్నుంచి తెలిసిన చప్పుడే. టప్ టప్ మంటూ లావుపాటి చినుకులు, నడుమ ఆకు బరువుకి వంగి ఒక్కసారిగా నీళ్లు దులిపేసి మళ్లీ పైకి లేవడం. మా పుట్టింటి పెరట్లో అరవై ఏళ్ల కిందట విన్నదే. అప్పుడు అది విన్నామని కూడా మాకు తెలీదు.

ఆ సాయంత్రం మావారితో ఫోన్లో చెప్పాను. "గెల ఎన్ని హస్తాలు వేస్తుందిట?" అన్నారు మొట్టమొదట. "ఆ రకం కాయ తినడానికి పనికిరాదటండీ" అన్నాను. "మరెందుకూ?" "వాన వినడానికి." అవతల కాసేపు చప్పుడు లేదు. "ఇంకా ఎన్నాళ్లుంటావక్కడ?" అన్నారు.

మన ఆలంకారికులకైతే ఇది వెంటనే అర్థమయ్యేది. మాట చెప్పే అర్థం ఒకటి, మాట వెనకాల మోగే అర్థం ఒకటి. రెండోదాన్ని ధ్వని అన్నారు. చైనా తోటలో ఏదీ తన కోసం తాను ఉండదు. అరటి వాన కోసం. తెల్లగోడ నీడ కోసం. రాయి కొండ కోసం. వాళ్ల భాషలో ప్రకృతి దృశ్యానికి మాటే ‘కొండా-నీరూ’. ఆ రెండూ ఉంటే లోకం ఉన్నట్టే, తక్కినవి తర్వాత.

నిజానికి ఈ తోటలతో నా పరిచయం చైనాలో జరగలేదు, న్యూయార్క్‌లో జరిగింది. ఆరేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో తిరిగి తిరిగి, గుండ్రటి గుమ్మం ఒకటి కనిపిస్తే అందులోంచి లోపలికి వెళ్లాం. నిండు చందమామని గోడలోంచి కోసి తీసేసినట్టున్న గుమ్మం. అవతల సున్నం కొట్టిన గోడ, నాలుగు వంకర రాళ్లు, కాసిని మొక్కలు, సగానికి కోసి గోడకి అతికించినట్టున్న మంటపం. "తోటంటే పూలుండాలి కదే?" అన్నాను. మా అమ్మాయి "అమ్మా, ముందు కూర్చో" అంది.

ఆ ముంగిలి సుజౌలోని వాంగ్‌షి యువాన్, అంటే ‘వలలవాడి తోట’లో ఉన్న ఒక వాకిలికి నకలు. ఎలా కట్టారో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. చిన్నప్పుడు కొన్నాళ్లు బీజింగ్‌లో పెరిగిన బ్రూక్ ఆస్టర్ అనే దాత కోరిక అది. ముందు సుజౌలోనే ఒక నమూనాని అసలు కొలతలతో కట్టి చూసుకున్నారు. స్తంభాలకి నాన్ అనే కలప, నేలకీ కప్పుకీ పాత రాజుల నాటి బట్టీని మళ్లీ రాజేసి కాల్చిన పలకలూ పెంకులూ. 1980లో సుజౌ నుంచి ఇరవై ఏడు మంది పనివాళ్లు న్యూయార్క్ దిగి, కొయ్యలో కొయ్య దూర్చి బిగించే పాత పద్ధతిలోనే నిలబెట్టారు. 1981లో జనానికి తెరిచారు. నకలు అనడానికి నాకు మనసొప్పదు. అదే చేతులు, అదే మట్టి. ఒక్కటే లోటు. పైన అద్దాల కప్పు. వాన పడదు.

సుజౌలో అసలుదాన్ని వెతుక్కుంటూ వెళ్లాను. ‘వలలవాడి తోట’ మొత్తం కలిపితే ఎకరం ముప్పై సెంట్ల పైచిలుకు. మా ఊళ్లో అయితే అందులో పదిమంది ఇళ్ల స్థలాలు గీసి అమ్మేసేవారు. అక్కడ అందులోనే ఇల్లు, కొలను, వంతెన, చదువుకునే గదులు అన్నీ ఉన్నాయి, పైగా ఎక్కడా ఇరుకనిపించదు. ఎందుకంటే ఒక్కసారిగా ఏదీ కనబడనివ్వరు. గుమ్మం దాటగానే గోడ. గోడ పక్కన మలుపు. మలుపులో కిటికీ. కిటికీ జాలీలోంచి అవతలి వాకిట్లో వెదురు కొన మాత్రం. వెళ్దామంటే తోవ ఇంకో వైపు తిరుగుతుంది. ఊరించడమే విద్య. నేను వెతుక్కుంటూ వెళ్లిన వాకిలి పేరులో వసంతం చివరి రోజులున్నాయి, ఆ రోజుల్లో పూసే పియనీల వల్ల. నేను వెళ్లేసరికి పూలు అయిపోయాయి. ఉత్త గోడ, రాళ్లు, ఆ సగం మంటపం. అయినా ఈసారి పూల గురించి ఎవర్నీ అడగలేదు.

ఈ విద్యకి శాస్త్రం రాసినవాడు జీ చెంగ్. చిత్రకారుడు. 1631లో ముగించిన ఆయన పుస్తకం ‘యువాన్‌యె’ 1634లో అచ్చయింది. సున్నపు గోడని కాగితంగా తీసుకుని దానిముందు రాళ్లతో బొమ్మ వెయ్యాలన్నది ఆయన పద్ధతి. అన్నిటికన్నా పెద్దపీట వేసింది అరువు తెచ్చుకునే దృశ్యానికి. తోట బయట ఉన్నదాన్ని కూడా లోపలి చూపులో కలుపుకోవడం. ‘చేతకాని అధికారి తోట’లో కొలను వెంట పడమటికి చూస్తే చెట్ల పైన ఒక గోపురం కనిపిస్తుంది, తోటలోదే అన్నట్టు. అది ఊళ్లో దూరంగా ఉన్న ఉత్తరపు గుడి గోపురం. పైసా ఖర్చు లేకుండా గోపురం! మనం డాబా మీద నిలబడితే కనిపించేది ఎదుటివాళ్ల నీళ్ల ట్యాంకు.

రాళ్ల సంగతి చెప్పకపోతే తప్పు. తాయ్ సరస్సులో నీళ్లు తొలిచిన సున్నపురాయికి వాళ్లు ప్రాణమిస్తారు. సన్నగా ఉండాలి, ముడతలు పడాలి, బెజ్జాలుండాలి, ఇటునుంచి అటు వెలుతురు కనిపించాలి. తాత రాయికి బెజ్జాలు కొట్టి నీళ్లలో పడేస్తే మనవడి కాలానికి అందం వచ్చేదట. మీ ఫు అనే సోంగ్ కాలపు చిత్రకారుడు ఒక రాయిని చూసి, కొలువు దుస్తుల్లోనే దణ్ణం పెట్టి అన్నగారూ అని పిలిచాడని ప్రసిద్ధి. అది ముచ్చట. హుయిజోంగ్ చక్రవర్తిది ముచ్చట కాదు, పిచ్చి. రాజధాని కైఫెంగ్‌లో ఒక కృత్రిమ పర్వతం కోసం దక్షిణాది నుంచి రాళ్లూ మొక్కలూ పడవల్లో తోలించాడు. రాయి పట్టకపోతే దారిలో వంతెనలు పడగొట్టారు. జనం తిరగబడ్డారు. 1127 నాటికి ఉత్తరం నుంచి వచ్చిన జుర్చెన్‌లు కైఫెంగ్‌ని పట్టుకున్నారు. ముట్టడి రోజుల్లో ఆ ముద్దుల రాళ్లనే పగలగొట్టి శత్రువుల మీదికి విసిరారు. సుజౌలోనే సింహాల వనం అనే తోటలో రాళ్ల గుహల మధ్య తిరుగుతుంటే నాకదే గుర్తొచ్చింది. అక్కడ రాయి మరీ ఎక్కువైంది. రెండొందల ఏళ్ల కిందటి రచయిత షెన్ ఫుకి కూడా అది నచ్చలేదు, బొగ్గు కసవు కుప్పతో పోల్చాడు.

గుర్తులూ సంకేతాలూ అడుగడుక్కీ ఉన్నాయి. వెదురు లోపల డొల్ల కాబట్టి వినయం. చలికి వాడని పైన్ చెట్టు, వెదురు, మంచులో పూసే మెయ్ పువ్వు ముగ్గురూ చలికాలపు స్నేహితులు. నేల మీద గులకరాళ్లతో గబ్బిలాల బొమ్మలు, ఎందుకంటే వాళ్ల భాషలో గబ్బిలమూ భాగ్యమూ ఒకేలా పలుకుతాయి. జాషువా చదివిన మనకి గబ్బిలం ఇంకోలా కనిపిస్తుంది, అది వేరే కథ. వంకర వంతెనలు దయ్యాలు దాటలేకుండా కట్టారని గైడ్లు చెబుతారు. నాకు నమ్మకం లేదు. మలుపు మలుపుకీ మన మొహం ఇంకో వైపు తిప్పడానికి కట్టారంతే.

న్యూయార్క్ వెళ్లే అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లలు ఎలాగూ స్వేచ్ఛా ప్రతిమ దగ్గరికి తీసుకెళ్తారు. మెట్ మ్యూజియానికి కూడా తీసుకెళ్లమనండి. ఆ ముంగిలి అమెరికా లెక్కలో రెండో అంతస్తులో ఉంటుంది, మన లెక్కలో మొదటిది. గుండ్రటి గుమ్మం దాటి ఓ అరగంట ఊరికే కూర్చోండి. బుధవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియంకి సెలవు.