ప్రతిపక్ష భావన: ఎవరి మనసు మారాలి?

తెలుగులో వ్యక్తిత్వ వికాస సాహిత్యం ఇప్పుడు ఒక స్థిరమైన శాఖ. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు దానికి విస్తృతమైన పాఠకవర్గాన్ని తయారుచేశాయి. జూన్ 21ని యోగా దినంగా 2014లో ఐక్యరాజ్యసమితి ప్రకటించాక ధ్యానం, యోగ జీవన విధానం పేరుతో వచ్చే రచనలకు ఊతం పెరిగింది. వీటిలో చాలావాటి సారం ఒక్కటే: ఆలోచన మారితే జీవితం మారుతుంది. ఈ సూత్రాన్ని సాహిత్య విమర్శ పరీక్షించకుండా వదిలేయడం తగదు.

ఆసనాలు ఒంటికి మంచివని, కాసేపు నిశ్శబ్దంగా కూర్చుంటే మనసు కుదుటపడుతుందని ఒప్పుకోవడానికి భౌతికవాదికి అభ్యంతరం ఉండనక్కరలేదు. ఆ ప్రశాంతతను ఎవరికి, ఏ సమస్యకు పరిష్కారంగా చూపిస్తున్నారన్నదే ప్రశ్న.

ఈ రచయితలు తరచు పతంజలిని సాక్ష్యం పిలుస్తారు. ఆ సాక్షి చెప్పేది పూర్తిగా విందాం. అష్టాంగాల్లో ఆసనం మూడవది, ధ్యానం ఏడవది. మొదటిది యమం: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. నేటి ‘పాజిటివ్ థింకింగ్’కు యోగసూత్రాల్లో దగ్గరగా కనిపించేది రెండవ పాదంలోని ప్రతిపక్ష భావన. అది దేనికి ప్రతిపక్షం? హింస మొదలైన ఆలోచనలకు. స్వయంగా చేసినా, చేయించినా, ఆమోదించినా హింస హింసే అంటాడాయన. దాని మూలాల్లో లోభాన్ని మొదట చెబుతాడు. అంటే ఆ సాధన లోభికి విధించినది. నష్టపోయినవాడి దుఃఖానికి రాసిన మందుచీటీ కాదు. యమాన్ని వదిలి ధ్యానాన్ని మాత్రమే అమ్మే పుస్తకం పతంజలి కన్నా, 1952లో ‘పాజిటివ్ థింకింగ్’ మహిమను పుస్తకంగా రాసిన అమెరికన్ మతబోధకుడు నార్మన్ విన్సెంట్ పీల్‌కే దగ్గర.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో ఈ సూత్రాన్ని నిలబెట్టి చూద్దాం. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసింది. మందు మీద మందు కొట్టినకొద్దీ పురుగు మొండికెక్కింది, అప్పు పెరిగింది. అదే మందు తాగి రైతులు చనిపోయారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఎండబెట్టింది. సొంత భూమి లేని కౌలురైతుకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం. విత్తనం, ఎరువు, పురుగుమందు దుకాణంలో అరువు; పంట రాకముందే కౌలు బాకీ. ఇక్కడ ‘నెగెటివ్’గా ఉన్నది అతని ఆలోచన కాదు, ఖాతా పుస్తకం. అతనికి ధ్యానం బోధించేవాళ్లు వడ్డీ వ్యాపారికి అపరిగ్రహం ఎందుకు బోధించరు? నాసిరకం విత్తనం అమ్మినవాడికి సత్యం, తూకంలో కోసేవాడికి అస్తేయం ఎందుకు గుర్తుచేయరు? కష్టానికి కారణం బాధితుడి మనసులోనే ఉందనడం ఆ కష్టం కలిగించినవాళ్లను విడిచిపెట్టడమే. పైగా, ఓడినవాడి నెత్తిన అప్పుతో పాటు అపరాధభావం కూడా పెట్టడం.

ఆధ్యాత్మికతకు సాహిత్యంలో చోటు లేదనడం మా ఉద్దేశం కాదు. ఈ నేల నుంచే వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)లో రామదాసు వేదాంతి. అతని ప్రశాంతతను ఉన్నవ గౌరవంతో చిత్రించాడు. కాని దాని చాటున కూలి రేట్లను దాచలేదు. పాలేళ్ల పోరాటం, చౌదరయ్య చేతిలో సంగదాసు చావు అదే నవలలో ఉన్నాయి. తండ్రి నిబ్బరం కొడుకు చావుకు సమాధానం కాలేదు; పాఠకుడు న్యాయం గురించి అడుగుతూనే ఉంటాడు. అంతరంగాన్నీ ఆర్థిక సంబంధాలనూ ఒకే కథలో పట్టుకోగలగడమే ఆ నవల బలం. వికాస సాహిత్యం మొదటిదాన్ని రెండవదాని నుంచి కోసి వేరుచేస్తుంది. కష్టానికి చరిత్ర లేకుండా చేస్తుంది. దాని కళాలోపం, భావలోపం రెండూ అదే.

యువరచయితలు ఈ పుస్తకాలను ఎగతాళి చేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. పాఠకులు వాటిని ఆశ కోసం కొంటున్నారు. ఆ ఆశ నిజమైనది, దాన్ని గౌరవించాలి. నిబ్బరం రైతుకూ కావాలి, కూలికీ కావాలి. అయితే ఆ నిబ్బరం కళ్లు మూసుకోవడంతో ఆగిపోకుండా, కళ్లు తెరిచి పక్కవాడితో కలిసి లెక్క అడిగేదాకా వెళ్లాలి. ఆ దారిని కథలో, కవితలో నమ్మదగినట్టు చూపించడం అభ్యుదయ రచయిత బాధ్యత.