ఇంట గెలిచిన ప్రోగ్రామ్ రచ్చ గెలవాలంటే

విండోస్‌లో డైలాగ్ బాక్స్ తెరిస్తే 'ఓకే' ముందు, 'క్యాన్సిల్' దాని కుడిపక్కన కనిపిస్తాయి. మ్యాక్‌లో వరస తిరగబడి 'ఓకే' కుడి చివరికి పోతుంది. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్‌ది మ్యాక్ వరస, కేడీఈ డెస్క్‌టాప్‌ది విండోస్ వరస. కాపీ చేయడానికి ఒకచోట కంట్రోల్ నొక్కాలి, ఇంకోచోట కమాండ్ నొక్కాలి. మెనూ ఒకచోట విండో నెత్తిన ఉంటుంది, ఇంకోచోట తెర నెత్తిన ఉంటుంది. ఊరికో ఆచారం అన్నట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కో అలవాటు. వీటిని పట్టించుకోని ప్రోగ్రామ్ కూడా నడుస్తుంది. కాకపోతే వాడేవాళ్ల వేలు అలవాటు కొద్దీ పోయి వద్దనుకున్న బటన్ నొక్కేస్తుంది.

ప్రోగ్రామ్ ఒక్కసారే రాయాలి, మూడుచోట్లా అక్కడి అలవాటుకు తగ్గట్టు నడవాలి. ఈ పట్టుదల నుంచి పుట్టినవే తెరమీది విండోలు, బటన్లు కట్టిపెట్టే జీయూఐ టూల్‌కిట్లు. వాటిలో మూడు దశాబ్దాలుగా గట్టిగా నిలబడినది క్యూట్. క్యూ, టీ అక్షరాలతో రాసి క్యూట్ అని పలుకుతారు. దీనితో కొన్నాళ్లు పనిచేస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఇందులోని మెళకువలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: నీకేం కావాలో చెప్పు, అది ఎలా ఉండాలో ఆ మెషీన్‌కు వదిలెయ్. వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ సూత్రాన్ని దాటినచోటే వస్తాయి.

ఆస్పత్రి పనితో మొదలు

1990 వేసవిలో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో హోవర్డ్ నోర్డ్, ఐరిక్ షామ్‌బె-ఎంగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు అల్ట్రాసౌండ్ బొమ్మలను భద్రపరిచే డేటాబేస్ ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నారు. అది యూనిక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ నడవాలి. మూడింటికీ మూడుసార్లు రాయడం ఇష్టంలేక, మూడింటినీ కప్పే పొర ఒకటి కావాలని అప్పుడే అనుకున్నారు. 1991లో రాయడం మొదలుపెట్టారు. 1994లో కంపెనీ పెట్టారు, అదే తరువాత ట్రోల్‌టెక్ అయింది. 1995 మే 20న క్యూట్ తొలిసారి జనంలోకి వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలో మథియాస్ ఎట్రిష్ లినక్స్‌కు పూర్తిస్థాయి డెస్క్‌టాప్‌గా కేడీఈని తలపెట్టి, దానికి క్యూట్‌నే పునాదిగా ఎంచుకున్నాడు. దాంతో ఈ టూల్‌కిట్ దశ తిరిగింది.

ఇదే చిక్కును విప్పడానికి వేరే దారులూ ఉన్నాయి. 1992లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్, ఆయా సిస్టమ్‌లో అప్పటికే ఉన్న బటన్లనే పిలిచి వాడుకుంటుంది. క్యూట్ తన బటన్‌ను తానే గీసుకుంటుంది. అయితే ఆ రూపం ఎలా ఉండాలో సిస్టమ్ థీమ్‌ను అడిగి గీస్తుంది. మొదటి దారిలో రూపం అచ్చంగా స్థానికం, కానీ ప్రవర్తన సిస్టమ్‌కో తీరుగా మారే ముప్పు ఉంది. రెండో దారిలో ప్రవర్తన అన్నిచోట్లా ఒకటే, రూపంలో మాత్రం ఎక్కడో చిన్న తేడా కంటికి తగులుతుంది.

కొలతలు వదిలేయడం

కొత్తవాళ్లు మొదట చేసే పని బటన్‌ను పిక్సెల్ లెక్కలో నిలబెట్టడం: ఎడమ నుంచి 40, పై నుంచి 120, వెడల్పు 80. రాసినవాళ్ల లాప్‌టాప్‌లో ఆ తెర ముచ్చటగా ఉంటుంది. ఫాంట్ పెద్దదిగా పెట్టుకున్నవాళ్ల దగ్గరికి, తెర స్కేలింగ్ 150 శాతం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి అక్షరాలు తెగిపోవచ్చు. దీనికి మందు లేఅవుట్. ఇవి నిలువు వరసలో, ఇవి అడ్డం వరసలో, ఈ పెట్టె మిగిలిన జాగా అంతా తీసుకోవాలి అని సంబంధాలు చెప్తే చాలు, కొలతలు క్యూట్ చూసుకుంటుంది. బటన్ల వరసకూ ఇదే పద్ధతి. డైలాగ్ బటన్ బాక్స్ అనే విడ్జెట్‌కు ఇది ఒప్పుకునే బటన్, ఇది రద్దుచేసే బటన్ అని పాత్ర చెప్తే, ఏ సిస్టమ్‌లో ఏది ముందో అదే తేల్చుకుంటుంది. కోడ్‌లో కంట్రోల్ అని రాసిన షార్ట్‌కట్ మ్యాక్‌లో దానంతట అదే కమాండ్ అవుతుంది.

రెండో మెళకువ సిగ్నళ్లు, స్లాట్లు. 1992లో ఐరిక్‌కు తట్టిన ఆలోచన ఇది. బటన్ నొక్కితే ఏం జరగాలో బటన్‌కు తెలియక్కర్లేదు. 'నన్ను నొక్కారు' అని అది సిగ్నల్ ఇస్తుంది, వినాలనుకున్న ఫంక్షన్ దానికి ముడిపడి ఉంటుంది. ఒక సిగ్నల్‌ను పదిమంది వినొచ్చు, ఎవరూ వినకపోయినా నష్టం లేదు. క్యూట్‌ను రాసిన సీ ప్లస్ ప్లస్ భాషలో ఆ రోజుల్లో ఇందుకు తగిన సదుపాయం లేకపోవడంతో మాక్ అనే చిన్న పనిముట్టు తయారుచేశారు. క్లాసులో క్యూ ఆబ్జెక్ట్ అనే గుర్తు కనిపిస్తే, ఆ క్లాసుకు కావలసిన అదనపు కోడ్‌ను అది రాసిపెడుతుంది. 'వీటేబుల్ దొరకలేదు' అని లింకర్ గోల పెట్టిందంటే, ఆ గుర్తు కొత్తగా చేర్చాక మాక్‌ను మళ్లీ నడపలేదేమోనని మొదట అనుమానించాలి. బిల్డ్ ఫోల్డర్ తుడిచేసి మొదటి నుంచి కట్టిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

మూడోది తల్లీపిల్లల లెక్క. విండో తల్లి, అందులోని బటన్లు పిల్లలు. తల్లిని తీసేస్తే పిల్లల మెమరీ కూడా విడుదలవుతుంది. పైథాన్‌లో రాసేవాళ్లను ఈ లెక్కే తికమక పెడుతుంది. ఫంక్షన్ లోపల కొత్త విండో తయారుచేసి, దాన్ని ఏ పేరుతోనూ పట్టుకోకుండా బయటికొస్తే, ఎవరికీ అక్కర్లేని వస్తువని పైథాన్ దాన్ని చెరిపేస్తుంది. తెరమీద విండో తళుక్కుమని మాయమవుతుంది. దాన్ని ప్రధాన విండోలో ఒక సభ్యుడిగా దాచుకుంటే నిలుస్తుంది.

'నాట్ రెస్పాండింగ్' ఎందుకు వస్తుంది?

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పాతది ఇదే. జీయూఐ ప్రోగ్రామ్ అంటే ఒకే కౌంటర్ ఉన్న రైల్వే టికెట్ ఆఫీసు. మౌస్ కదలిక, మీట నొక్కడం, తెరను మళ్లీ గీయమన్న అడుగు, అన్నీ ఆ ఒక్క వరసలోనే నిలబడతాయి. దీన్ని ఈవెంట్ లూప్ అంటారు. బటన్ నొక్కగానే పెద్ద ఫైల్ చదవడం ఆ కౌంటర్‌లోనే మొదలుపెడితే వెనక వరసంతా ఆగిపోతుంది. తెర గీయడం కూడా ఆగుతుంది కాబట్టి విండో తెల్లబోతుంది, సిస్టమ్ దాన్ని చచ్చినదాని కింద లెక్కేస్తుంది.

మధ్యమధ్యలో ప్రాసెస్ ఈవెంట్స్ అనే ఫంక్షన్‌ను పిలిచి ఊపిరి పోయడం కొందరి అలవాటు. అది పైపూత. ఆ ఊపిరిలోనే వినియోగదారు అదే బటన్ ఇంకోసారి నొక్కితే, మొదటి పని ముగియకుండానే రెండోది దాని లోపల మొదలవుతుంది. సరైన దారి బరువు పనిని వేరే థ్రెడ్‌కు, అంటే ఇంకో కౌంటర్‌కు, పంపడం. అక్కడి నుంచి ఫలితం సిగ్నల్‌గా రావాలి. థ్రెడ్లు వేరని గమనిస్తే క్యూట్ ఆ సిగ్నల్‌ను నేరుగా పిలవకుండా ప్రధాన థ్రెడ్ వరసలో చేరుస్తుంది. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: విడ్జెట్‌ను ముట్టుకునే హక్కు ప్రధాన థ్రెడ్‌కే ఉంది. పక్క థ్రెడ్ నుంచి లేబుల్ మార్చిన ప్రోగ్రామ్ ఒక సిస్టమ్‌లో నెలల తరబడి బాగానే నడిచి, ఇంకో సిస్టమ్‌లో మొదటి నిమిషంలోనే కూలిపోవచ్చు. ఒకచోట నడిచింది కాబట్టి రాసినవాళ్లకు తప్పు తమదని నమ్మబుద్ధి కాదు.

తెలుగు తెర మీదికి వస్తే

మన భాషలో ప్రోగ్రామ్ చూపించాలనుకున్నప్పుడు ఈ సూత్రం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 'స్త్రీ' అన్నది కంటికి ఒక అక్షరం. యూనికోడ్‌లో అది 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. స్ట్రింగ్ పొడవు అడిగితే క్యూట్ 6 అనే చెప్తుంది. పట్టికలో జాగా చాలక 3 దగ్గర కత్తిరిస్తే 'స్త' అనే వేరే అక్షరం మిగులుతుంది. అందుకే కత్తిరింపు లెక్క పెట్టి చేయకూడదు. అక్షరం సరిహద్దులు కనిపెట్టే క్లాసు క్యూట్‌లో ఉంది, వెడల్పుకు సరిపడా కుదించి చివర చుక్కలు పెట్టే ఫంక్షనూ ఉంది. సంకేతాలను ముద్దగా కలిపి గుణింతాలు, వత్తులుగా మలిచే పని హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్‌ది. అక్షరాలను ఒక్కొక్కటే విడిగా గీయించే సొంత కోడ్ రాస్తే ఆ ఇంజిన్‌కు పని చేసే వీలే ఉండదు, పొల్లులన్నీ విడివిడిగా తేలతాయి.

ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేలా వరస ఎత్తు బిగించేస్తే మన వత్తుల కాళ్లు తెగుతాయి. ఫాంట్ సంగతీ చూసుకోవాలి. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటుంది. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ పెట్టుకోకపోతే పెట్టెలు కనిపిస్తాయి. లైసెన్సు ఒప్పుకునే ఫాంట్ ఒకటి ప్రోగ్రామ్‌తో పాటే పంపించడం క్షేమం.

అనువాదానికి క్యూట్ లింగ్విస్ట్ అనే పనిముట్టు ఉంది. దాని ఫలితం కోడ్ ఎలా రాశారన్న దాన్ని బట్టే ఉంటుంది. 'తెరవలేకపోయాం' అన్న ముక్కకు వెనక ఫైల్ పేరు అతికిస్తే ఇంగ్లీషు వరసకు కుదురుతుంది, తెలుగులో వాక్యం తలకిందులవుతుంది. వాక్యం మొత్తాన్ని ఒకే ముక్కగా ఇచ్చి, పేరు రావలసిన చోట ఖాళీ గుర్తు పెడితే అనువాదకులు దాన్ని ఎక్కడికైనా జరుపుకోగలరు.

చిక్కు ముడి ఎక్కడుందో చూడటం

ప్రోగ్రామ్ పూర్తయ్యాక వేరే మెషీన్‌లో మొదటిసారి తెరిచినప్పుడు చాలామందికి ఎదురయ్యే సందేశం 'ప్లాట్‌ఫామ్ ప్లగిన్ లోడ్ కాలేదు'. విండోస్, మ్యాక్, లినక్స్‌లతో మాట్లాడే కోడ్‌ను క్యూట్ విడిగా ప్లగిన్ల రూపంలో ఉంచుతుంది. రాసినవాళ్ల మెషీన్‌లో క్యూట్ మొత్తం ఉంది కాబట్టి ప్లగిన్ దొరికింది, కొత్తచోట దొరకలేదు. విండోస్‌కు విన్ డిప్లాయ్ క్యూటీ, మ్యాక్‌కు మ్యాక్ డిప్లాయ్ క్యూటీ అనే పనిముట్లు కావలసిన ఫైళ్లన్నీ పోగుచేసి ప్రోగ్రామ్ పక్కన పెడతాయి.

లినక్స్‌లో ఇదే సందేశం మరీ చిరాకు పుట్టిస్తుంది. ప్లగిన్ దొరికింది గానీ లోడ్ కాలేదు అంటుంది. అంటే ఆ ప్లగిన్‌కు కావలసిన ఇంకో లైబ్రరీ లేదన్నమాట. ఇంటర్నెట్‌లో దొరికిన ఆదేశాలన్నీ ఒకదాని వెంట ఒకటి కొట్టేముందు, క్యూటీ డీబగ్ ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని విలువిచ్చి ప్రోగ్రామ్ నడపాలి. ఏ ఫైల్ కోసం ఎక్కడ వెతికిందో, దేని దగ్గర ఆగిందో అదే చెప్తుంది. క్యూట్ 6.5 నుంచి ఎక్స్‌సీబీ కర్సర్ అనే చిన్న లైబ్రరీ తప్పనిసరి అయింది. పాత పద్ధతిలో ఏర్పాటుచేసిన మెషీన్లలో ఆగేది తరచుగా అక్కడే. పైథాన్‌లో బొమ్మల పనికి ఓపెన్ సీవీ అనే లైబ్రరీ కూడా వాడుతుంటే అది తన వెంట తెచ్చుకున్న క్యూట్ ప్లగిన్లకూ మీవాటికీ గొడవ రావచ్చు. ఓపెన్ సీవీలో విండో చూపించే పని లేకపోతే దాని హెడ్‌లెస్ ప్యాకేజీ పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఐకాన్ ఫైల్ పేరులో ఒక అక్షరం పెద్దబడిలో, కోడ్‌లో చిన్నబడిలో ఉంటే విండోస్ మన్నిస్తుంది, లినక్స్ మన్నించదు. బొమ్మలను ప్రోగ్రామ్‌లోనే ఇమిడ్చే రిసోర్స్ పద్ధతి వాడితే ఆ పొరపాటు మీ మెషీన్‌లోనే బయటపడుతుంది. సెట్టింగుల ఫైల్‌ను ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే రాయాలని చూస్తే సాధారణ వినియోగదారుకు అక్కడ రాసే అనుమతి ఉండదు. ఎక్కడ రాయాలో స్టాండర్డ్ పాత్స్ అనే క్లాసును అడగాలి.

విలువ, దాని వెల

క్యూట్ మీద విమర్శలకూ కొదవలేదు. మొదట్లో దీని లైసెన్సు పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాదు. 1997లో గ్నోమ్ పుట్టడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. తరువాత 2000లో జీపీఎల్, నోకియా చేతిలో ఉండగా 2009లో ఎల్‌జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సులు వచ్చాయి. ఇప్పటి యజమాని అయిన క్యూట్ కంపెనీ, దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్లు డబ్బు కట్టినవాళ్లకే అని 2020లో ప్రకటించినప్పుడు మళ్లీ అలజడి రేగింది. అయితే 1998లోనే కేడీఈతో కుదిరిన ఒప్పందం ఒకటి కాపలాగా ఉంది. కంపెనీ ఉచిత వెర్షన్ విడుదలలు ఆపేస్తే, దాన్ని మరింత ఉదారమైన బీఎస్‌డీ తరహా లైసెన్సుతో విడుదల చేసే హక్కు ఒక ఫౌండేషన్‌కు ఉంటుంది. పైథాన్‌లో రాసేవాళ్లు లైసెన్సు తేడా ముందే చూసుకోవాలి: పైథాన్ నుంచి క్యూట్‌ను పిలిచే లైబ్రరీల్లో పైక్యూట్‌ది జీపీఎల్ లేదా డబ్బు కట్టే దారి, పైసైడ్‌ది ఎల్‌జీపీఎల్.

ఇంత తలనొప్పి ఉన్నా దీన్ని ఎంచుకున్నవాళ్లు తక్కువేం కాదు. వీఎల్‌సీ, క్యూజీఐఎస్, క్రీటా, వర్చువల్ బాక్స్ దీని మీదే నిలబడ్డాయి. లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్, నెట్‌వర్క్ ఇంజినీర్ల చేతిలో ఎప్పుడూ ఉండే వైర్‌షార్క్, రెండూ జీటీకే అనే ఇంకో టూల్‌కిట్‌ను వదిలి ఇటు వచ్చాయి.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష లినక్స్ ఎక్స్11 నుంచి వేలాండ్‌కు మారినప్పుడు ఎదురైంది. తెరకూ ప్రోగ్రామ్‌కూ మధ్యనున్న పొర మొత్తం మారిపోయింది. కావలసినదేదో చెప్పి ఊరుకున్న ప్రోగ్రామ్‌లు చాలావరకు కోడ్ మార్చకుండానే దాటేశాయి. పాత ప్లగిన్ బదులు క్యూట్ వేలాండ్ ప్లగిన్‌ను లోడ్ చేసుకుంది, అంతే. విండో తెరమీద ఫలానా బిందువు దగ్గరే ఉండాలని పట్టుబట్టినవి, తెరను నేరుగా ఫొటో తీసుకోవాలని చూసినవి చిక్కుకున్నాయి. వేలాండ్ ఆ పెత్తనం ప్రోగ్రామ్‌కు ఇవ్వదు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండో సిస్టమ్‌ను చివరికి వాయిదా వేయకూడదు. మొదటి విండో తెరుచుకున్న రోజే దాన్ని ఇంకో సిస్టమ్‌లో, ఇంకో స్కేలింగ్‌లో, తెలుగు అక్షరాలతో నడిపి చూడాలి. అప్పుడు దొరికే తప్పు ఒక వరస మారిస్తే పోతుంది. ఏడాది తరువాత దొరికితే, అప్పటికి దాని మీద కట్టిన తెరలన్నీ విప్పాల్సి వస్తుంది.