దిష్టి తీయుటలోని సంకేతవిద్య

పెంటపాడు చుట్టునున్న వరిచేల పల్లెలలోనైనను, కొల్లేటి లంకలలోనైనను, పసిబిడ్డ పాలు త్రాగక గుక్కపట్టి యేడ్చినచో, ఇంటి పెద్దావిడ వంటయింటిలోనికి పోయి గుప్పెడు కల్లుప్పును, నాలుగు ఎండుమిరపకాయలను తెచ్చుట నేటికిని కలదు. ఉపదేశము లేక, గురుదక్షిణ లేక, తల్లి చేతినుండి కూతురి చేతికి సంక్రమించు ఈ దిష్టి తీయు పద్ధతి మన యిండ్ల ప్రథమ మంత్రవిద్య.

ఇందలి వస్తువులు యాదృచ్ఛికముగ కూడినవి కావు. చూపు వాడియై గ్రుచ్చుకొనునని భావించిరి గనుక అంతకంటె వాడియైన మిరపకాయను గ్రహించిరి; చేపను సైతము కుళ్లనీయక కాచునది గనుక ఉప్పును జతపఱచిరి. వానిని పిడికిట బిగించి, బిడ్డ తలచుట్టును మూడుమార్లు త్రిప్పి, ఉమ్మించి, నిప్పులో వేయుదురు. ఉప్పు చిటపటలాడును, ఘాటు రాకున్నచో దిష్టి బలముగ తగిలినదందురు. అగోచరమైన భయమునకు రూపము, శబ్దము, వాసన కల్పించి, కన్నుల యెదుటనే దానిని దహింపజేయుట యిందలి నేర్పు.

నూతన దంపతులకు గుమ్మముకడ దిగదుడుచు ఎఱ్ఱనీళ్లు ఇంతకంటె సూక్ష్మమైన కల్పన. పసుపునీటిలో సున్నము కలిపినంతనే, క్షారస్పర్శచే పసుపులోని వర్ణద్రవ్యము మారి, నీరు నెత్తురువలె ఎఱ్ఱబారును. ప్రాణిహింస లేకయే బలి సిద్ధించును. గృహప్రవేశమున కుంకుమ పులిమి పగులగొట్టు గుమ్మడికాయయు ఈ కోవలోనిదే. బిడ్డ బుగ్గపై పెట్టు కాటుకచుక్క మాత్రము వేఱు తెన్నున నడచును. అది పరిపూర్ణ సౌందర్యమున బుద్ధిపూర్వకముగ ఒక లోపమును కల్పించి, చూపును ముందుగ తనవైపునకు లాగుకొనును.

1890లో తొలిముద్రణ పొంది, పిమ్మట పెరుగుచు వచ్చిన ‘ది గోల్డెన్ బౌ’ అను గ్రంథమున జేమ్స్ ఫ్రేజర్ లోకమందలి మంత్రతంత్రములను సాదృశ్యము, సంసర్గము అను రెండు సూత్రములకు ఒదిగించెను. ఎఱ్ఱనీళ్లు సాదృశ్యమునకును, బిడ్డ ఉమ్మి తగిలిన మిరపకాయ సంసర్గమునకును చక్కని ఉదాహరణములు. ఐనను నేర్చుకొనదలచిన వారికి సూత్రములకంటె క్రమము ముఖ్యము: తగిన వస్తువు నెన్నుట, మనసు నిలిపి త్రిప్పుట, పిదప దానిని ఇంట నిలువనీయక కాల్చుటయో వెలుపల పాఱబోయుటయో చేయుట. ఈ కడపటి విసర్జనము లేనిదే క్రియ పూర్తి కాదు. భయమును బయటికి తీసి మరల యింటనే దాచుకొనుట యెవ్వరికిని హితము కాదు గదా!

ఈ సంప్రదాయమునందు నాకు మిక్కిలి గౌరవము కలిగించునది మఱియొకటి కలదు. దిష్టి తీయు తల్లి ఇరుగువారిని, పొరుగువారిని, దారిన పోయిన వారిని పేర్కొని, తన చూపును సైతము ఆ వరుసలో చేర్చును. మితిమీరిన మురిపెమును దోషము కావచ్చునని ఒప్పుకొను ఆ వినయమువలన నింద అందఱికిని పంచబడి, ఏ యొక్కరిపైనను నిలువదు. చేతబడి యను అనుమానముతో ఒక మనిషిని వేలెత్తి చూపి, నిరపరాధులను కొట్టి చంపిన దారుణములు మన తెలుగునేలనే జరిగినవి. ఆ క్రౌర్యమునకును ఈ వాత్సల్యమునకును గల భేదము వస్తువులలో లేదు, ఆ యొప్పుకోలునందున్నది. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికి చూపవలసినదే. అంతమాత్రమున ఉప్పు త్రిప్పిన చేయి వ్యర్థము కాదు, ఆ చేయి తల్లికి ధైర్యమిచ్చును. కనుక ఈ విద్యను కూతురికి నేర్పు తల్లి మిరపకాయల లెక్కకంటె ముందు, తన పేరునుగూడ ఆ వరుసలో చేర్చుకొనుట నేర్పవలెను.